కాపాడేవాళ్లను కనిపెట్టుకునేదెవరు?

2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సు బండిని ఢీకొట్టింది. విశాఖ, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే రైలది. 290 మందికి పైగా చనిపోయారు. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం (ఎన్డీఆర్‌ఎఫ్) నుంచి తొమ్మిది బృందాలు దిగి 44 మందిని ప్రాణాలతో బయటికి తెచ్చాయి, 121 మృతదేహాలను వెలికితీశాయి. నాలుగు రోజుల తర్వాత ఆ దళం డైరెక్టర్ జనరల్ అతుల్ కర్వాల్ ఢిల్లీలో ఒక సదస్సులో మాట్లాడారు. తన జవాన్లలో ఒకరికి నీళ్లు చూసినప్పుడల్లా రక్తంలా కనిపిస్తోందనీ, ఇంకొకరికి ఆకలన్నదే పోయిందనీ చెప్పారు. యూనిఫాం వేసుకున్న పెద్ద అధికారి తన మనుషుల మనసు గురించి నలుగురిలో అలా మాట్లాడటం మన దేశంలో అరుదు. ఆ ప్రమాదంలోనే మరో సంగతి జరిగింది. మృతదేహాలను మొదట అక్కడి బహనగా హైస్కూల్లో ఉంచారు. సెలవులయ్యాక ఆ గదుల్లో కూర్చోవడానికి పిల్లలు భయపడుతున్నారని తల్లిదండ్రులు చెప్పడంతో, ప్రమాదం జరిగిన వారానికే ఆ భవనాన్ని కూలగొట్టడం మొదలుపెట్టారు. మంచి పనే చేశారు. పిల్లల భయాన్ని పెద్దలు ఒప్పుకున్నారు. ఆ దేహాలను చేతుల మీద మోసినవాళ్ల భయాన్ని ఒప్పుకోవడానికి మాత్రం మనకింకా నోరు రావడం లేదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 2025 ఒక్క ఏడాదినే తీసుకుందాం. ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు, వాళ్లలో 8 మంది చిన్నపిల్లలు. జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. చాలామందిని డీఎన్ఏ పరీక్షలతో గుర్తుపట్టాల్సి వచ్చింది. అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు ఆహుతయ్యారు. నాలుగు చోట్లా ముందుగా చేరుకున్నవాళ్లు ఫైర్‌మన్లు, కానిస్టేబుళ్లు, హోంగార్డులు, 108 సిబ్బంది, విపత్తు దళాల జవాన్లు. సొరంగం సంగతి మరీ కఠినమైనది. సైన్యం, సింగరేణి రెస్క్యూ సిబ్బంది, ఎన్డీఆర్‌ఎఫ్ అందరూ కలిసి బురదలో, ఊటనీటిలో, మళ్లీ పైకప్పు కూలుతుందేమోనన్న భయం మధ్య వారాల తరబడి తవ్వితే మార్చి 9న ఒక దేహం, 25న మరొకటి దొరికాయి. ప్రాణాలతో ఒక్కరినీ తీసుకురాలేకపోయారు. ఒక్క రాత్రిలో చూసిన ఘోరం ఒక రకంగా గుచ్చుకుంటే, రోజూ ఆశతో లోపలికెళ్లి రోజూ వట్టి చేతులతో తిరిగొచ్చే పని ఇంకో రకంగా మనిషిని తినేస్తుంది. ఇలాంటి పని చేసేవాళ్లలో ఒత్తిడి ముదరకముందే దాన్ని పసిగట్టే శిక్షణ ఇవ్వాలన్న మాట ఇప్పుడు అక్కడక్కడా వినిపిస్తోంది. అయితే ఆ శిక్షణ ముందుగా ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న ఎవరూ అడగడం లేదు. నా సమాధానం ఒక్కటే. మంటల్లోకి వెళ్లేవాడికన్నా ముందు, అతని డ్యూటీ చార్టు రాసే అధికారికి ఇవ్వాలి.

ఎందుకో తెలియాలంటే ఈ ఉద్యోగాల్లో బాధ ఎలా బయటపడుతుందో దగ్గరగా చూడాలి. 108 బండిలో ఉండేది ఇద్దరే. స్టీరింగ్ దగ్గర పైలట్, వెనక అత్యవసర వైద్య సాయం చేసే ఈఎంటీ. క్షతగాత్రుణ్ని క్యాజువాలిటీలో అప్పగించాక బండి నేల మీది రక్తం కడగాలి, స్ట్రెచర్ మీద దుప్పటి మార్చాలి, ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసుకోవాలి, కేసు వివరాలు నింపాలి. నాడి ఎంత, బీపీ ఎంత, ఘటనా స్థలానికి ఎన్నింటికి చేరారు, ఆసుపత్రికి ఎన్నింటికి చేరారు, అన్నిటికీ గళ్లుంటాయి. ఆ ఇద్దరూ ఎలా ఉన్నారన్న గడి ఉండదు. బండి ఖాళీ అని కంట్రోల్ రూముకు చెప్పిన మరుక్షణం ఇంకో కాల్ రావచ్చు. ఆ రాత్రి బండిలో చేతుల్లోనే ప్రాణం పోయిన పసిపిల్ల గురించి మాట్లాడుకునే వేళ వాళ్లకు రాదు. తర్వాతెప్పుడో ఆ సంగతి వేరే రూపాల్లో బయటికొస్తుంది. నిద్ర పట్టడం లేదంటాడు. తల దిమ్ముగా ఉందంటాడు. అన్నం సయించదు. గుండె దడకు ఈసీజీ తీయిస్తే అంతా బాగానే ఉంటుంది. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు రోగి బంధువుల మీద కసురుకుంటాడు. ప్రమాదం జరిగిన మలుపు తప్పించడానికి చుట్టూ తిరిగి వెళ్తాడు. ఒక్కరోజూ మానని మనిషి నెలలో నాలుగుసార్లు సెలవు పెడతాడు. ఇంకొకడు ఉన్నట్టుండి అందరి డ్యూటీలూ తనే చేస్తానంటాడు. ఇంటికెళ్తే కళ్లు మూసుకోవాల్సి వస్తుందని అతని భయం. మందు అలవాటు మెల్లగా పెరుగుతుంది. వీటిలో ఏదీ ఆ మనిషి నోటి నుంచి మానసిక సమస్య అన్న పేరుతో రాదు. చాలావరకు అతనికే ఆ సంగతి తెలియదు. వీటిలో ఎక్కువ భాగం కనపడేది హాజరు పట్టీలో, డ్యూటీ చార్టులో, ఫిర్యాదుల ఫైల్లో. ఆ మూడూ ఉండేది పై అధికారి బల్ల మీద.

గట్టి గుండె ఉన్నవాళ్లే ఈ ఉద్యోగాల్లోకి వస్తారు, ఎంపికలోనే మెత్తనివాళ్లను ఏరేస్తారు, ఇదంతా అక్కర్లేని హడావిడి అని అనేవాళ్లున్నారు. ఎంపిక మంచిదే. కానీ కెనడాలో 2016-17లో పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్సు సిబ్బంది, కంట్రోల్ రూము ఉద్యోగులు కలిపి 5,800 మందికి పైగా పాల్గొన్న సర్వే 44.5 శాతం మందిలో ఏదో ఒక మానసిక రుగ్మత లక్షణాలు బయటపెట్టింది. అక్కడి సాధారణ జనాభాలో అది 10 శాతం దగ్గర ఉంటుంది. అమెరికాలో రడర్‌మన్ ఫౌండేషన్ లెక్కగట్టిన ప్రకారం 2017లో విధి నిర్వహణలో 93 మంది ఫైర్‌మన్లు మరణిస్తే, ఆత్మహత్య చేసుకున్నవాళ్లు కనీసం 103 మంది. పోలీసుల్లో ఆ అంకెలు 129, 140. ఆ రెండు దేశాల్లోనూ ఎంపిక కఠినంగానే ఉంటుంది. దృఢంగా ఉన్న మనిషినే ఆ పని ఏళ్ల తరబడి అరగదీస్తోందన్నమాట. ఈ అంకెలను యథాతథంగా మనకు అంటగట్టకూడదు. మన ఎన్డీఆర్‌ఎఫ్‌లోనే దాదాపు 18,000 మందికి జరిపిన పరీక్షల్లో 95 శాతం మంది ఫిట్‌గా తేలారని కర్వాల్ ఆ ఢిల్లీ సదస్సులోనే చెప్పారు. ఆ మాటనూ గౌరవించాలి. చూడకూడనివి చూసినవాళ్లలో ఎక్కువమంది కొన్ని వారాల్లో తమంతట తామే కోలుకుంటారు. అందువల్లే అందరికీ మందు వేసే పని కాకుండా, కోలుకోనివాళ్లను వేళకు కనిపెట్టే పని కావాలి.

ఇక ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పెద్ద ప్రమాదం జరిగితే ఒక నిపుణుణ్ని పిలిపించి, సిబ్బందిని హాల్లో కూర్చోబెట్టి ఒక పూట కౌన్సెలింగ్ ఇప్పించడం. అది మనం కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలో ఫైర్‌మన్‌గా, పారామెడిక్‌గా పనిచేసిన జెఫ్రీ మిచెల్ 1983లో ప్రతిపాదించిన డీబ్రీఫింగ్ ప్రపంచమంతా పాకింది. ఘటన జరిగిన కొద్ది రోజుల్లో అందరినీ కూర్చోబెట్టి ఏం చూశారు, ఏం అనిపించిందో చెప్పించడం దాని సారం. విన్నంతలో సబబుగా ఉంటుంది. ఫలితాలను తూచి చూసినప్పుడు తూకం తేడా వచ్చింది. 2002లో కాక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ సమీక్షించి, ఒక్క విడత డీబ్రీఫింగ్ పీటీఎస్డీని, అంటే ఆ ఘోరం పదేపదే కళ్లముందుకొచ్చి మనిషిని వేధించే జబ్బును ఆపడం లేదని తేల్చింది, నిర్బంధంగా చేయించడం మానాలని చెప్పింది. కాలిన గాయాలపాలైన వారిపై బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో 13 నెలల తర్వాత డీబ్రీఫింగ్ పొందినవారిలో 26 శాతం మందికి పీటీఎస్డీ ఉంటే, పొందనివారిలో 9 శాతం మందికే ఉంది. 2005లో బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ కూడా దీన్ని వద్దంది. ఆ అధ్యయనాలు బాధితుల మీద చేసినవి, తమ పద్ధతి ఉద్యోగ బృందాల కోసం ఉద్దేశించినదని మిచెల్ వర్గం వాదించింది. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. అయినా బృందాల విషయంలోనూ అది జబ్బును నివారిస్తుందని చూపే గట్టి ఆధారం రాలేదు. కొత్తగా గాయపడ్డ మనసును నలుగురిలో విప్పమని బలవంతపెట్టడం కొందరికి పుండు మీద కారం చల్లడమే అవుతుంది. పూట కౌన్సెలింగుకు ఇంకో ప్రమాదమూ ఉంది. అది ముగియగానే శాఖ తన బాధ్యత తీరిందనుకుంటుంది. అసలు లక్షణాలు మూడు నెలలకో ఆరు నెలలకో పైకి తేలినప్పుడు అడిగేవాళ్లుండరు.

సిబ్బందికి ఒక్కొక్కరికీ మనోస్థైర్య శిక్షణ ఇస్తే సరిపోతుంది కదా అన్నది రెండో మార్గం. దాన్నీ పరీక్షించారు. ఇంగ్లండులో 430 మంది అత్యవసర సేవల సిబ్బందిని రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు బృంద తరగతులు పెట్టారు, రెండో గుంపుకు ఆన్‌లైన్ సమాచారం మాత్రం ఇచ్చారు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు జెన్నిఫర్ వైల్డ్ బృందం 2020లో ప్రచురించిన ఫలితం ప్రకారం రెంటికీ తేడా లేదు. కెనడా సైన్యంలో పుట్టి అక్కడి పోలీసుల దాకా వచ్చిన ‘రోడ్ టు మెంటల్ రెడీనెస్’ శిక్షణది కూడా దాదాపు ఇదే కథ. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల పట్టీ మీద ఎవరి పరిస్థితి వారు గుర్తించుకోవడం అందులో ముఖ్యాంశం. ఒక నగర పోలీసుల్లో దాన్ని పరిశీలిస్తే, పాల్గొన్నవాళ్లు ఉపయోగపడిందన్నారు గానీ లక్షణాల కొలతల్లో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. ఈ ఫలితాలను దాచిపెట్టి శిక్షణ శిక్షణ అని ఊదరగొట్టడం సిబ్బందికి చేసే అన్యాయం. పైగా ఇలాంటి తరగతుల్లో ఒక చేదు సందేశం దాగి ఉంటుంది. నువ్వు కుంగిపోతే అది నీ గట్టితనం చాలకపోవడం వల్లే అని. 12 గంటల డ్యూటీ చేసి వచ్చినవాడికి ధ్యానం నేర్పి పంపడం ఆ సందేశాన్నే పదును పెడుతుంది.

నేను ఆధారంగా తీసుకునే అధ్యయనం ఆస్ట్రేలియాలో జరిగింది. న్యూ సౌత్ వేల్స్ అగ్నిమాపక దళంలో ఫైర్‌మన్లను వదిలేసి, వాళ్ల మీది కమాండర్లకు శిక్షణ ఇచ్చి చూశారు. మొత్తం నాలుగు గంటలు. కొందరికి ముందు ఇచ్చారు, కొందరికి తర్వాత ఇచ్చారు; ఎవరు ముందన్నది లాటరీలా తేల్చారు. 2017లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత, శిక్షణ పొందిన కమాండర్ల కింద పనిచేసేవాళ్లు పని వల్ల కలిగిన అనారోగ్యంతో పెట్టే సెలవులు తగ్గాయి. శిక్షణ అందని కమాండర్ల కింద అవి పెరిగాయి. శిక్షణకు పెట్టిన ప్రతి రూపాయికీ దాదాపు పది రూపాయల విలువ తిరిగొచ్చిందని లెక్క తేలింది. ఇది చిన్న అధ్యయనం, కొలిచింది సెలవుల్నే తప్ప జబ్బును కాదు, ఆరు నెలల తర్వాత ఏమైందో ఇది చెప్పదు. ఈ పరిమితులన్నీ తీసేశాక కూడా గట్టిగా నిలిచే సంగతి ఒకటుంది. ఫైర్‌మన్లకు ఏమీ నేర్పకుండానే, వాళ్లతో వాళ్ల పై అధికారి మాట్లాడే తీరు మారితే వాళ్ల పరిస్థితి మారింది.

ఆ నాలుగు గంటల్లో నేర్పింది మనోవైద్యం కాదు. మామూలు కుంగుబాటు, ఆందోళన, పీటీఎస్డీ ఎలా ఉంటాయి, అధికారిగా తన బాధ్యత ఎంతవరకు, ఇబ్బందిలో ఉన్న ఉద్యోగితో మాట ఎలా కదపాలి, అంతే. ఈ చివరిదే మనవాళ్లకు రానిది. మన స్టేషన్లలో ఇలాంటప్పుడు వినిపించే మాటలు అందరికీ తెలిసినవే. ‘ధైర్యంగా ఉండవయ్యా’, ‘ఇవన్నీ ఈ ఉద్యోగంలో మామూలే’, ‘మేం ఇంతకన్నా ఘోరాలు చూశాం’. మంచి మనసుతో అన్నవే, కానీ ప్రతిదీ సంభాషణకు అడ్డంగా తలుపు వేసేదే. వాటికి బదులు స్టేషన్ ఆఫీసరు పక్కకు పిలిచి, ‘ఏమయ్యా, రెండు వారాలుగా చూస్తున్నా. మాటామంతీ లేకుండా ఉంటున్నావు, నిన్న హోస్ చుట్టేటప్పుడు చేతులు వణుకుతున్నాయి. నిద్ర పడుతోందా?’ అని అడిగితే? తాను కళ్లారా చూసినదేదో చెప్పడం, శరీరం గురించి అడగడం, జవాబు వచ్చేదాకా ఆగడం, ఇంతే అందులోని పనితనం. నిద్ర గురించి అడిగితే మనవాళ్లు సిగ్గుపడకుండా చెబుతారు. మనసు గురించి అడిగితే ‘ఏం లేదు సార్’ అని తప్పుకుంటారు. మన దగ్గర బాధ ముందు ఒంటి మీదికే వస్తుంది కాబట్టి పలకరింపూ అక్కణ్నుంచే మొదలవ్వాలి. బ్రిటన్ రాయల్ మెరీన్లలో పుట్టిన ‘ట్రిమ్’ పద్ధతి ఇంకో అడుగు ముందుకేసింది. తోటి ఉద్యోగుల్లో కొందరికి శిక్షణనిచ్చి, ఘటన తర్వాత కొద్ది రోజులకు ఒకసారి, నెలకు మరోసారి పలకరింపజేస్తుంది. ఆ రెండో పలకరింపుకే నేను ఎక్కువ విలువిస్తాను. మొదటిసారి అందరూ కలత చెందే ఉంటారు. నెల తర్వాత కూడా అలాగే ఉన్నవాడే మనం వెతుకుతున్నవాడు.

ఇక్కడ అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వస్తుంది. అధికారి చేతిలో ఈ జ్ఞానం పెడితే అది ఆయుధం కాదా? ‘వీడికి మతి సరిగా లేదు’ అని ముద్ర వేసి, పదోన్నతి ఆపి, కాంట్రాక్టు మనిషైతే ఇంటికి పంపేస్తే? ఈ భయానికి కారణం ఉంది, దీన్ని తేలిగ్గా తీసిపారేసే శిక్షణ ఏదైనా విఫలమవుతుంది. చట్టం కొంత రక్షణ ఇస్తోంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లను తొలగించడం, హోదా తగ్గించడం కుదరదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ సంస్థలకు చెప్పింది. మానసిక అనారోగ్యం ఉన్న ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆయనపై క్రమశిక్షణ చర్యలను తప్పుపట్టి, జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వవచ్చని దారి చూపింది. కానీ 108 పైలట్, ఈఎంటీ ప్రభుత్వం అప్పగించిన సంస్థ కింద పనిచేసేవాళ్లు. వాళ్ల దాకా ఈ రక్షణ చేరాలంటే ఒప్పంద పత్రంలోనే రాయాలి. అధికారికి ఏం చేయాలో నేర్పినంత స్పష్టంగా ఏం చేయకూడదో కూడా నేర్పాలి. జబ్బు పేరు పెట్టకూడదు, సర్వీసు రికార్డులో రాయకూడదు, వైద్యుడు ఏమన్నాడని అడగకూడదు. అధికారి చేయాల్సింది గమనించడం, మాట కదపడం, సాయం దొరికే చోటు చూపించడం, రెండు వారాలు కాస్త తేలికైన డ్యూటీ వేయడం, అక్కడితో అతని పాత్ర ముగియాలి.

డ్యూటీ అంటే గుర్తొచ్చేది పని గంటలు. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 2019లో విడుదల చేసిన నివేదిక ప్రకారం మన దేశంలో పోలీసులు రోజుకు సగటున 14 గంటలు పనిచేస్తున్నారు, ప్రతి ఇద్దరిలో ఒకరికి వారాంతపు సెలవు దొరకడం లేదు. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలీసులకు వారాంతపు సెలవు ప్రకటించింది. ప్రకటనలో ఉన్న సెలవు డ్యూటీ చార్టులోకి వస్తేనే మనిషికి నిద్ర దొరుకుతుంది. ముందు ఖాళీలు నింపండి, తర్వాత ఈ శిక్షణల సంగతి చూద్దాం అని సంఘాలు అడిగితే నేను వాళ్లను తప్పుపట్టను. అయితే రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. ఒత్తిడిని గుర్తించడం నేర్చిన అధికారికి, వరుసగా మూడు రాత్రులు ఒకే మనిషికి వేసిన డ్యూటీ కేవలం సర్దుబాటుగా కనపడదు. తన దగ్గర ఎంతమంది తక్కువున్నారో, అందువల్ల ఎవరు నలిగిపోతున్నారో పైకి రాసే ఆధారం అతనికే దొరుకుతుంది. ఆ రాత అందాక కూడా పైవాళ్లు కదలకపోతే ఏ శిక్షణా ఆదుకోలేదు, అది శిక్షణ తప్పు కాదు.

ఏ చార్టులోనూ పేరు లేనివాళ్ల మాట ఒక్కటి చెప్పాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటును అక్టోబరు 22న పైకి తెచ్చింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. అప్పటికీ లోపల మృతదేహాలున్నాయి. కాలువల్లో, చెరువుల్లో, నదుల్లో గల్లంతైనవాళ్ల కోసం పోలీసులు ముందు పిలిచేది గజ ఈతగాళ్లనే. కూలి డబ్బులిచ్చి పంపేస్తాం. వాళ్లకు పై అధికారి లేడు, సెలవు లేదు, పలకరించే పద్ధతీ లేదు. స్థానిక పోలీస్ స్టేషన్ వాళ్ల పేర్లతో ఒక జాబితా పెట్టుకుని, శవం తీయించిన నెల తర్వాత ఒక్క ఫోన్ చేయించడానికి జీవో కూడా అక్కర్లేదు. అలాగే కంట్రోల్ రూములో ఫోనెత్తేవాళ్లు. ఒక తల్లి అరుపు విని, బండిని పంపి, ఆ బిడ్డ బతికిందో లేదో ఎన్నటికీ తెలుసుకోకుండానే తర్వాతి ఫోనెత్తుతారు. వాళ్లు ఘటనా స్థలంలో లేరు కాబట్టి ఎవరూ వాళ్లను లెక్కలోకి తీసుకోరు.

రెండు రాష్ట్రాల అగ్నిమాపక, పోలీసు శాఖలు కొత్త స్టేషన్ ఆఫీసర్లకు, ఎస్ఐలకు నెలల తరబడి శిక్షణ ఇస్తాయి. అందులో నాలుగు గంటలు అడుగుతున్నాను. 108 నిర్వహణ ఒప్పందాల్లో బండి ఎన్ని నిమిషాల్లో చేరాలో రాస్తున్నారు. పసిపిల్లల మరణం, సామూహిక మరణాలు చూసిన బృందానికి ఆ పూట విరామం ఇవ్వాలని, నెల తర్వాత పలకరించాలని, జిల్లా మేనేజర్లకు ఈ శిక్షణ ఉండాలని ఇంకో మూడు వాక్యాలు రాయండి. వచ్చే టెండరు దాకా ఆగాల్సిన పని లేదు, అనుబంధ ఒప్పందం చాలు. ఇక ఫైర్‌మన్, కానిస్టేబుల్, పైలట్, ఈఎంటీ ఉన్న ఇళ్లవాళ్లకు ఒక మాట. మీ మనిషి నిద్రలో ఉలిక్కిపడుతుంటే, అన్నం ముందు ఊరికే కూర్చుంటుంటే నెల దాటనివ్వకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ ఫోన్ ఇంట్లోవాళ్లు కూడా చేయవచ్చు.